టేపు రెండో కొస

శనివారం పదకొండింటికి చూపిస్తానన్నాడు రెజిస్.
మాంట్రియల్‌లో, నదికి రెండు వీధులివతల,
ఇనప మెట్లు బయటనుంచి మెలికలు తిరిగి ఎక్కే ఇల్లు.
మెట్ల మీద మంచు ఊడ్చి ఉప్పు చల్లి ఉంది.
చల్లింది ఎవరని అడగాలని నాకు తోచలేదు.

"లోపల మనుషులుంటారు, పట్టించుకోకండి"
అన్నాడు తాళం తీస్తూ.
వాళ్లింటి తాళం.

వంటింట్లో ఒకామె అరటికాయ ముక్కలు వేయిస్తోంది.
బోంజూర్ అంది, వెనక్కి తిరక్కుండా.
పేరు మిర్లాండ్. ఆమె చెప్పలేదు,
ఫ్రిజ్ మీద అతికించిన కరెంటు బిల్లు చెప్పింది.
లోతు చూద్దామని అలమర తెరిచాను.
ఆస్పత్రి యూనిఫాంలు మూడు, ఇస్త్రీ చేసినవి.
"క్షమించండి" అన్నాను
చొక్కాలతో.

నా సోఫా ఏడడుగులు.
టేపు తీశాను. రెండో కొస పట్టాల్సిన రెజిస్ ఫోన్లో ఉన్నాడు.
ఎనిమిదేళ్లవాడు, వుడ్లీ, ఎక్కణ్ణుంచో వచ్చి పట్టుకున్నాడు.
తన మంచం తనే జరిపాడు.
తన గోడకు తనే ఆనించి
అంకె గట్టిగా చదివాడు, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు.
"సరిపోయిందా?"
సరిపోయింది.
"ఈ కిటికీ చలికాలం బిగుసుకుపోతుంది.
అంచుకి సబ్బు రాయాలి. తెల్లదే. ఆకుపచ్చది పనిచెయ్యదు."

మెట్లు దిగాక లెక్క చెప్పాడు రెజిస్:
మనుషులతో సహా అయితే ఇంత,
ఖాళీ చేయించి ఇస్తే మరో నలభై వేలు.
"లేదా మీరే చూసుకోండి.
ముందు గోడలు పగలగొట్టండి, తర్వాత నీళ్ల పైపులు.
నాలుగు నెలలు, అంతే."
పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.
ఇక్కడ దాన్ని మరమ్మతు అంటారు.

నా వైపు సంగతి కూడా చెప్పాలి.
మా వంటింటి సొరుగులో, చెంచాల కింద, ఒక కాగితం ఉంది.
మా ఓనరు కూతురు కాపురానికొస్తోందట,
జూన్ ఆఖరికి మేం వెళ్లాలట.
పదకొండేళ్ల అద్దెకి ఆ కాగితంలో ఒకటిన్నర వాక్యం.
ఇప్పుడు అదే కాగితం మిర్లాండ్‌కి నేను రాయాలి.
నమూనా ఉంది కదా,
పేర్లు మారిస్తే చాలు.

"మనం కాకపోతే ఇంకొకరు కొంటారు" అన్నాడు జొస్లిన్.
నిజమే.
నిజమైన మాటల్లో
నేను ఎప్పుడూ మొహం చాటేసేది ఆ మాటకే.
పగలంతా మెట్రో నడుపుతాను.
తలుపులు మూసేముందు
సగం లోపల సగం బయట ఉన్న మనిషిని అద్దంలో చూసి ఒక క్షణం ఆగుతాను.
అది నా మంచితనం కాదు, ఉద్యోగం.
ఆ నలభై వేలిచ్చి నేను కొనబోయేది
అద్దం లేని తలుపు.

కొనలేదు.
లాషీన్‌లో ఐదో అంతస్తు, మళ్లీ అద్దె,
సోఫా పట్టలేదు, అమ్మేశాం.
కొనలేదన్న గర్వం ఒంటికి పది రోజులు పట్టింది.

జూలై ఒకటో తారీకు, ఊరంతా ఇళ్లు మారే రోజు,
సైకిల్ మీద ఆ వీధిలోంచి వెళ్లాను. పని లేదు, వెళ్లాను.
పేవ్‌మెంటు మీద ఫ్రిజ్, దాని మీద ఇంకా ఆ బిల్లు.
నిలబెట్టిన పరుపు.
వుడ్లీ ఒక పెట్టె మీద కూచుని
తాడు రెండో కొస పట్టుకున్నాడు,
ఎవరో మొదటి కొస బిగిస్తుంటే.
నన్ను చూశాడు. గుర్తుపట్టాడు.
కొన్నది నేనే అనుకున్నాడు.
కాదని చెప్పడానికి బ్రేకు వేశాను, కాలు కింద పెట్టాను,
మళ్లీ తొక్కాను.

డిసెంబరులో ఒక సాయంత్రం
ఆ కిటికీని లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నారు.
కొత్త కర్టెన్లు. ఒకటి, రెండు, భుజంతో మూడోసారి.
మెట్ల మీద మంచు గట్టిపడి మెరుస్తోంది, ఉప్పు లేదు.
కింద నిలబడ్డాను, నోట్లో ఆవిరి.
తెల్ల సబ్బు అని అరిస్తే వినపడే దూరమే.

అది నాకు చెప్పింది వాడు.
నేనెలా ఇచ్చేస్తాను?